కడగొద్దన్న స్పాంజి

మా విభాగంలో ఆమెను అందరం ఆవిరక్క అంటాం. ఆపరేషన్లకు వాడిన కత్తెర్లు, పట్టుకార్లు, గిన్నెలు ఆసుపత్రి నలుమూలల నుంచీ మా గదికే వస్తాయి. మేం వాటిని కడిగి, తుడిచి, గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలోకి తోస్తాం. ఆ యంత్రం ముందు ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు. ఎదురుగా అలా పిలిచినా ఊరుకుంటుంది గానీ, కత్తెర సందులో మరక కనబడితే మాత్రం ఊరుకోదు. పదకొండేళ్ళ కిందట నేను చేరిన మొదటిరోజే, నేను కడిగిన ట్రే మొత్తం సింకులో బోర్లించి, "ఇవి నీ కడుపులో పెట్టనిస్తావా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళను ఆ మాట నేను అడుగుతున్నాను.

ఆమె ఇల్లు చూస్తే మా గదే నయమనిపిస్తుంది. కుళాయి మెడ చుట్టూ పాత టూత్‌బ్రష్షుతో తోముతుంది. సబ్బును కూడా కడిగి పెడుతుంది. నవ్వకండి, నా కళ్ళతో చూశాను. పెళ్ళెందుకు చేసుకోలేదక్కా అంటే, "ఇంకో మనిషి కాళ్ళ మట్టి తుడిచే ఓపిక లేక" అనేది. బాధ కలిగినా కోపమొచ్చినా ఆమె చేతులు వాటంతటవే సింకు దగ్గరికి పోతాయి. ఏది దొరికితే అది కడుగుతుంది. ఒకసారి సూపరింటెండెంటు మీద కోపంతో ఆయన కుర్చీయే కడిగేసింది.

ఆమెకు నా అన్నవాళ్ళు ఒక్కరే, అన్నయ్య. గచ్చులకు పాలిష్ పట్టే మిషను మీద నలభై ఏళ్ళు బతికినవాడు. ఆ రాతిపొడంతా పోయి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. భార్య పోయాక ఒంటిగదిలో మూడు గోల్డ్‌ఫిష్‌లను పెట్టుకుని ఉండేవాడు. నెత్తిమీద నారింజ మచ్చ ఉన్న తెల్లది టోపీవాడు. రోజంతా అడుగున రాళ్ళు నోట్లో వేసుకుని ఉమ్మే నల్లది మేస్త్రి. తిండి దగ్గరికి మిగతా ఇద్దరినీ రానివ్వని లావుపాటి ఎర్రది పెద్దావిడ. ఎనిమిదేళ్ళుగా ఆయన మాట్లాడిందంతా వాటితోనే.

పోయిన ఏడాది ఆయనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఛాతీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆరేడు వారాలు మందులిచ్చి, మనిషి కాస్త పుంజుకుంటే ఆపరేషన్ చేస్తామన్నారు. గది ఖాళీ చేసేసి, ఆ తర్వాత చెల్లెలి ఇంట్లోనే ఉండాలని మాట్లాడుకున్నారు. బస్సెక్కే ముందు ఆయన చెల్లెలి చెయ్యి పట్టుకుని, "నేను తిరిగొచ్చేది నీ దగ్గరికి కాదమ్మాయ్, వాటి దగ్గరికి. జాగ్రత్త" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. ఆమెకు మాత్రం అది గుండెల్లో నాటుకుపోయింది.

ఆ ఆదివారం పొద్దున గది ఖాళీ చెయ్యడానికి నేనూ వెళ్ళాను. తొట్టె అద్దం మీద ఆయన చేత్తో రాసి అంటించిన చీటీ ఉంది. *ఒక పూటే తిండి. స్పాంజి కడగొద్దు.* అంతే. చేపల్ని రెండు బకెట్లలోకి తీశాం. ఖాళీ తొట్టెను ఎత్తగానే మూల అతుకు ఫట్టుమని విడిపోయింది. సరేలే, పాతదైపోయిందని దారిలో కొత్త తొట్టె కొన్నాం. లోపలి సామాను మాత్రం పాతదే వాడదామనుకున్నాం.

ఆ సామాను ఆమె ఇంట్లో నేలమీద పరిస్తే చూడాలి మా ఇద్దరి మొహాలు. రాళ్ళనిండా గోధుమరంగు జిగురు. ఫిల్టరు స్పాంజి పిండితే నల్లటి బురద. "కడగొద్దంట! బద్ధకానికి చీటీ కూడానా" అని ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. రాళ్ళను బ్లీచింగు నీళ్ళలో వేసి నేను రుద్దాను. స్పాంజిని ఆమె గిన్నెలో వేసి ఇరవై నిమిషాలు మరిగించింది. పిండి, వాసన చూసి, మళ్ళీ మరిగించింది. అది కొన్ననాటి నీలంరంగుకు తిరిగింది. కొత్త తొట్టెలో కుళాయి నీళ్ళు, అందులో క్లోరిన్ విరుగుడు మందు, మెరిసే రాళ్ళు, మెరిసే స్పాంజి. చేపల్ని వదిలితే అద్దంలోంచి అవి గాల్లో తేలుతున్నట్టున్నాయి. "అన్నయ్య చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు" అంది మురిసిపోతూ.

నాలుగోరోజు పొద్దున డ్యూటీకి రాలేదు. ఆమె నాగా పెట్టడం నేనెరిగి అదే మొదటిసారి. ఫోన్ చేస్తే, "చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఊపిరాడనట్టు. అచ్చం అన్నయ్యలాగ" అంది. సీసాలో తొట్టెనీళ్ళు పట్టుకుని రంగుచేపల కొట్టుకు వెళ్తోందట, నన్నూ రమ్మంది.

కొట్టతను ఆ నీళ్ళను చిన్న గాజుగొట్టంలో పోసి, ఏదో మందు చుక్కలు వేసి ఊపాడు. పసుపుగా ఉండాల్సినది చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది.

"తొట్టె కొత్తదా అమ్మా?"

"కొత్తదే."

"పాత స్పాంజి వేశారు కదా?"

"వేశాం. రెండుసార్లు మరిగించి వేశాం" అంది. ఆ కంగారులోనూ కొంచెం గర్వంగానే అంది.

అతను తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారమ్మా! చేప విసర్జించిందంతా నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. అది వాటికి విషం. దాన్ని తినే క్రిములుంటాయి. ఆ స్పాంజిలో, రాళ్ళమీది జిగురులో ఉండేవి అవే. ఆ మురికి వల్లే మీ చేపలు ఎనిమిదేళ్ళు బతికాయి."

"క్రిములా?" అందామె. "మంచివా?"

ఆ ప్రశ్న అడిగిన మనిషి మొహం నేను మర్చిపోలేను. బతికినన్నాళ్ళూ క్రిముల్ని చంపి జీతం తీసుకున్న మనిషి. మూటల మీద మేం అంటించే టేపుకు చారలుంటాయి. ఆవిరికి అవి నల్లబడితే లోపల ప్రాణమున్నదేదీ మిగల్లేదని అర్థం. ఆ నలుపు చూస్తేనే ఆమెకు నిద్రపట్టేది. అలాంటి మనిషికి ఇతను ఇప్పుడు క్రిముల్ని పెంచమంటున్నాడు.

"మీ తొట్టెల్లోంచి ఒక స్పాంజి ముక్క ఇవ్వు బాబూ" అని నేనడిగాను. అతను అడ్డంగా తలూపాడు. తన తొట్టెల్లో తెల్లమచ్చ జబ్బు తిరుగుతోందట, స్పాంజితో పాటు అదీ వస్తుందట. మళ్ళీ వాటంతటవే పుట్టేదాకా ఆగాల్సిందే, ఐదారు వారాలు పడుతుందన్నాడు. "ఖాళీ తొట్టెలో అయితే బెంగలేదు. మీ చేపలు లోపలే ఉన్నాయి. రోజూ సగం నీళ్ళు తోడి, విరుగుడు కలిపిన కొత్తవి పొయ్యండి. తిండి తగ్గించండి. జిగురు పడుతుంది, పట్టనివ్వండి. స్పాంజి మాత్రం ముట్టుకోవద్దు."

అప్పటినుంచి ఆమె బతుకు బకెట్ల మధ్య పడింది. పొద్దున్నే లేచి నీళ్ళు తోడడం, పొయ్యడం, డ్యూటీకి పరుగెత్తడం, సాయంత్రం మళ్ళీ తోడడం. భుజం పట్టేసి ట్రే ఎత్తలేకపోయేది. గాజుగొట్టం, చుక్కలమందు కొనుక్కుని రోజూ రెండుపూటలా రంగు చూసేది. ఆకుపచ్చ. మళ్ళీ ఆకుపచ్చ. నీళ్ళు మార్చాక కాస్త తేలికపడి, తెల్లారేసరికి మళ్ళీ చిక్కబడేది.

సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి నుంచి అన్నయ్య ఫోన్ చేసేవాడు. ఆ వేళకు మేం మూటలు కట్టే బల్ల దగ్గర ఉంటాం కాబట్టి అన్నీ నా చెవిన పడేవి. ఆయన మొదటి మాట తన ఒంటి గురించి కాదు.

"మేస్త్రి రాళ్ళు తిప్పుతున్నాడా?"

"తిప్పుతున్నాడన్నయ్యా."

"పెద్దావిడ?"

"దానికేం, దుక్కలా ఉంది. నువ్వు తిన్నావా?"

"ఇప్పుడు తింటా."

నిజంగానే అప్పుడు తినేవాడట. అక్కడి నర్సు ఒకరోజు ఫోన్ తీసుకుని, "మీతో మాట్లాడితే గానీ ముద్ద ముట్టడం లేదండీ, ఏం చెప్తున్నారో గానీ రోజూ చెప్పండి" అంది. ఇంకేముంది, నిజం చెప్పే దారి ఆరోజుతో మూసుకుపోయింది.

పదకొండో రోజున ఆయన ఫోన్ చేశాడు గానీ మాట్లాడలేకపోయాడు. దగ్గు. అటునుంచి దగ్గు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని "అన్నయ్యా... అన్నయ్యా..." అంటూ నిలబడిపోయింది. చివరికి లైను కట్టయింది. ఒక్కదాన్నే వదలడానికి మనసొప్పక డ్యూటీ దిగాక ఆమె ఇంటిదాకా వెళ్ళాను. ఆమె చెప్పులు విప్పి నేరుగా తొట్టె దగ్గరికి పోయింది. నేను కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగుతున్నాను. కుళాయి చప్పుడు వినబడి తల తిప్పితే ఆమె సింకు దగ్గరుంది. చేతుల్లో స్పాంజి ఉంది. కుళాయి నీళ్ళ కింద పెట్టి, మూల మూలా రుద్ది, పిండుతోంది. కళ్ళు గోడకేసి ఉన్నాయి.

"అక్కా!" అని అరిచాను.

ఆమె కిందికి చూసుకుంది. పదకొండు రోజులు పట్టిన కాస్త జిగురూ క్లోరిన్ నీళ్ళలో కొట్టుకుపోయింది. స్పాంజి మళ్ళీ నీలంగా మెరుస్తోంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. "నాకు తెలీలేదే... నా చేతులే కడిగేశాయే" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు.

రెండురోజులకల్లా పెద్దావిడ పోయింది. తెల్లారేసరికి అద్దానికి ఆనుకుని పక్కకు ఒరిగి తేలుతోంది. సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగితే ఆమె నావైపు చూసింది, నేను తల దించుకున్నాను. "పెద్దావిడా? మిగతావాళ్ళ నోటిదగ్గరది కూడా లాక్కుని తినేస్తోంది అన్నయ్యా" అని చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆరోజు ఆమె కట్టిన మూటలన్నీ వదులుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ నేను విప్పి మళ్ళీ కట్టాను.

ఆ తర్వాత ఆమె ఇంట్లో చేతులకు తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టింది. మాకిచ్చే రబ్బరు తొడుగులే. తొట్టె దగ్గరికి వెళ్ళేటప్పుడు వేసుకునేది. "చేతులు తడిసినట్టు తెలియకపోతే కడగవు" అంది. పిచ్చి పట్టిందేమోనని భయపడ్డాను. సింకు పైన గోడకు అన్నయ్య చీటీ అంటించింది. *స్పాంజి కడగొద్దు.* ఇంటికొచ్చినవాళ్ళు చూసి నవ్వితే కసురుకునేది.

నాలుగోవారంలో ఆకుపచ్చ తగ్గడం మొదలైంది. ఒకరోజు పొద్దున గాజుగొట్టాన్ని పర్సులో పెట్టుకుని డ్యూటీకి తెచ్చి చూపించింది. లేతపసుపు. మా గదిలో అందరం చప్పట్లు కొట్టాం. ఆ సంతోషం రెండురోజులే. కొట్టతను ఇంకో మందు చుక్కలు వేసి చూశాడు, ఆ గొట్టం ఊదారంగుకు తిరిగింది. మొదటి క్రిములు అమ్మోనియాను తిని ఇంకో విషాన్ని వదులుతాయట. దాన్ని తినడానికి వేరే జాతి క్రిములు పుట్టాలట. అదింకా ఆలస్యమట. "అంటే మళ్ళీ మొదటికేనా?" అని ఆమె కౌంటరు మీద తల వాల్చేసింది. కొట్టతనికి ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మేస్త్రి ఆ ఊదారంగుకు బలైపోయాడు. చివరి మూడురోజులూ రాళ్ళు తిప్పలేదు. పైకొచ్చి, నోరు తెరిచి, ఒకేచోట ఉన్నాడు. ఆమె సెలవు పెట్టి రోజుకు మూడుసార్లు నీళ్ళు మార్చింది. బకెట్లు మోసి మోసి అరచేతులు బొబ్బలెక్కాయి. నేను వెళ్ళేసరికి తొట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుని, "ఒక్క రాయి తిప్పరా... ఒక్కటి" అంటోంది. అతను తిప్పలేదు. ఆరోజు ఫోన్‌లో, "మేస్త్రి పని ఎలా ఉంది?" అని ఆయనడిగితే, "గచ్చంతా పీకి పెట్టాడన్నయ్యా" అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఆరోవారం చివర ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. ఊపిరితిత్తులు ఆపరేషన్‌కు తట్టుకోవు. ఇక ఇక్కడ చేసేదేమీ లేదు, ఆక్సిజన్ పెట్టుకుని ఇంట్లో ఉండటమే మేలు, బుధవారం పంపించేస్తాం అన్నారు. ఎన్నాళ్ళని ఆమె అడిగితే, ఆక్సిజన్ మిషను అద్దెకిచ్చే చోటు నంబరు రాసుకోమన్నారు.

మంగళవారం సాయంత్రం ఆమె నన్ను వెంటబెట్టుకుని రంగుచేపల కొట్టుకు వెళ్ళింది. తొట్టెలన్నీ వెతికి వెతికి, ఒక లావుపాటి ఎర్రదాన్నీ ఒక నల్లదాన్నీ చూపించింది. అప్పటికి కొట్టతని తొట్టెల్లో జబ్బు తగ్గింది. అతను రెండింటినీ పట్టి నీళ్ళసంచిలో వేశాడు. మూతి కడుతూ అడిగాడు. "మీ తొట్టె ఇప్పుడెలా ఉందమ్మా?"

"రెండు రంగులూ సరిగ్గా ఉన్నాయి. ఐదు రోజులైంది."

"అది ఒక్క చేపకు సరిపడా కుదురుకుందమ్మా. ఒక్కసారే ఇంకో రెండు వేస్తే విషం మళ్ళీ లేస్తుంది. ముందు పోయేది మీ పాతదే, ఇప్పటికే నీరసపడి ఉంది కదా. నెల ఆగి ఒక్కొక్కటే వెయ్యండి."

"నాకు నెల లేదు" అందామె.

సంచి ఆమె చేతిలో ఉంది. లోపల ఎర్రది, నల్లది గుండ్రంగా తిరుగుతున్నాయి. అన్నయ్యకు చూపు మందగించిందని, దూరం నుంచి చూస్తే పోల్చుకోలేడని దారిలో నాతో అంది. మూడూ కనబడితే చాలు, ప్రశాంతంగా ఉంటాడంది. నేను ఏ సలహా ఇచ్చే స్థితిలోనూ లేను. నిజం చెప్పాలంటే కొనెయ్యమనే నా మనసు కొట్టుకుంది. ఆమె చాలాసేపు ఆ సంచిని అలాగే పట్టుకుంది. తర్వాత కౌంటరు మీద మెల్లగా పెట్టి, "ఉన్న ఒక్కడినీ చంపుకోలేను" అని బయటికొచ్చేసింది. దారంతా ఒకటే మాట. "ఏం మొహం పెట్టుకుని చూపించను? ఏం చెప్పను?"

బుధవారం మధ్యాహ్నం ఆయన్ని బండి దింపింది. చెల్లెలి ఇంటి మెట్లు మూడే. ఆ మూడూ ఎక్కడానికి పావుగంట పట్టింది. ముక్కుకు గొట్టం, వెనక నేను ఈడ్చుకొస్తున్న ఆక్సిజన్ మిషను. మనిషి సగమైపోయాడు. తొట్టె ముందు వేసిన కుర్చీలో కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడేదాకా కళ్ళు మూసుకుని, తర్వాత తెరిచి చూశాడు.

టోపీవాడు ఒక్కడే ముందుకొచ్చి అద్దం దగ్గర తోక ఆడించాడు.

ఆయన ఆ మూల చూశాడు. ఈ మూల చూశాడు. రాళ్ళకేసి చూశాడు. ఆమె గోడకు చేరగిలబడి నిలబడింది. తొడుగులు లేని చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

"నేనే చంపానన్నయ్యా" అంది. "మరిగించాను. మళ్ళీ కడిగాను. నువ్వు వద్దన్నావు, అయినా కడిగాను. రోజూ నీకు అబద్ధాలు చెప్పాను."

ఆయనకు ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి పీల్చుకోవాలి. "తెలుసు" అన్నాడు. "మూడూ బాగున్నాయని... నువ్వు అంత గట్టిగా... చెప్తుంటేనే తెలిసింది."

"మరి తిన్నావేం?"

"నువ్వు చెప్తున్నావుగా... తినకపోతే నీకు... ఇంకో బెంగ."

ఆమె అప్పుడు ఏడ్చింది. ఏడు వారాల ఏడుపు. ఆయన ముందుకు వంగి తొట్టెలో స్పాంజిని చూశాడు. గోధుమరంగు జిగురు దట్టంగా పట్టి ఉంది. తృప్తిగా తలూపాడు. "బాగా పట్టింది" అన్నాడు. తర్వాత చెల్లెలి వైపు చూడకుండానే అన్నాడు. "నన్ను మాత్రం... ఉడకబెట్టకు."

ఏడుస్తూనే ఆమె పక్కున నవ్వింది. నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను.

ఆయన ఇంకో యాభై మూడు రోజులున్నాడు. రోజంతా ఆ కుర్చీలోనే. టోపీవాడు దగ్గరికొచ్చినప్పుడల్లా అరచెయ్యి అద్దానికి ఆనించేవాడు. మందుల జిడ్డు, చెమట, నూనె, ఏదుంటే అది అద్దానికి అంటుకునేది. మొదట్లో ఆమె చెయ్యి గుడ్డ కోసం వెళ్ళి ఆగిపోవడం నేను చూశాను. తర్వాత వెళ్ళడం కూడా మానేసింది.

మొన్న సెలవురోజు ఆమె ఇంటికి వెళ్ళాను. ఇల్లు ఎప్పటిలాగే తళతళలాడుతోంది, కుళాయి మెడతో సహా. టోపీవాడు బాగా లావెక్కాడు. ఆమె లోపల ఏదో సర్దుతోంది. మాటల్లో పడి, తొట్టె అద్దం మీద మసకగా ఐదువేళ్ళ మరక కనబడితే, పదకొండేళ్ళ అలవాటు కదా, కొంగుతో తుడవబోయాను.

వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది.

"కడక్కు" అంది.